1:4 స్కేల్ ఫాక్స్ గ్లైడర్: లాగినప్పుడు సరే, నెట్టినప్పుడు రెక్క ఆగుతుందా?

ఇది ఫాక్స్ అనే గ్లైడర్‌కి నాలుగో వంతు సైజు మోడల్, నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేసేది. స్టిక్ లాగితే ముక్కు పైకి లేస్తుంది, నెట్టితే కిందికి దిగుతుంది. నా పేచీ అంతా ఒక్క చోటే ఉంది. రెండు రెక్కల్నీ కలిపే జాయినర్ రాడ్ దూరే పెట్టె రెక్క లోపల ముగిసి, అక్కణ్ణుంచి స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) ఒక్కటే బరువంతా మోయాల్సిన నాలుగు వేళ్ల మేర. ఫ్యూజ్‌లాజ్ (మధ్య బాడీ) అచ్చు, కనోపీ (కాక్‌పిట్ మూత), పైపూత బాగున్నాయని ఇప్పటికే చాలామంది రాశారు, బాగానే ఉన్నాయి. నాది మూడున్నర మీటర్ల రెక్కల మోడల్, ఎగిరే బరువు ఏడున్నర కిలోలు. కొన్ని సీజన్లుగా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర మా క్లబ్ మైదానంలో టో విమానంతో (తాడు కట్టి పైకి తీసుకెళ్లే ఇంకో మోడల్‌తో) పైకి తీసుకెళ్లి ఎగరేస్తున్నాను. పడమటి గాలి బాగా ఉన్న సెలవు రోజుల్లో వాసర్‌కుప్పె కొండకి పోతాను. కిట్ ఎవరిదో రాయడం లేదు. ఇదే పద్ధతిలో రెక్కలు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు, నేను చెప్పేది వాళ్లందరి రెక్కల్లోనూ చూసుకోదగ్గ సంగతి.

మొదటి సీజన్ అయ్యాక ఈ రెక్క గురించి ఎవరడిగినా "ఎంత గట్టిగా లాగినా ఏమీ కాదు" అనే చెప్పాను. లాగడం వరకూ ఆ మాట ఇప్పటికీ నిలబడుతుంది. గంటకి 144 కిలోమీటర్ల వేగంతో కిందికి దూకించి 20 మీటర్ల వ్యాసార్ధంలో పైకి లేపితే అడుగున 9 జీ, అంటే మామూలు బరువుకి తొమ్మిది రెట్లు, పడుతుంది. 10 జీ అనుకుని లెక్క వేశాను. రెక్కల సొంత బరువు వంపుని కొంత తగ్గిస్తుంది కాబట్టి దాన్ని తీసేసినా, రూట్ (రెక్క మొదలు) దగ్గర స్పార్‌కి పైనా కిందా ఉండే కార్బన్ పట్టీల్లో పై పట్టీ మీద నొక్కుడు, కింది పట్టీ మీద సాగదీత ఒక్కోటి 500 కిలోల దాకా వస్తాయి. పట్టీల మధ్య ఎత్తు మూడు సెంటీమీటర్ల పైచిలుకే కదా, అందుకే అంత. ఈ రెక్క దాన్ని కిక్కురుమనకుండా మోసింది. చివరలు ఒక బెత్తెడు పైకి వంగి మళ్లీ మామూలుగా సర్దుకునేవి.

నెట్టడం వేరే సంగతి, అప్పుడు నొక్కుడు కింది పట్టీ మీద పడుతుంది. కార్బన్ సాగదీతకి ఎంత గట్టిదో నొక్కుడుకి అంత గట్టిది కాదు. మామూలు ఎగురుడులో నొక్కుడు పై పట్టీకే వస్తుంది కాబట్టి చాలామంది పైన దళసరిగా, కింద పలచగా కార్బన్ వేస్తారు. పైకి లేచే వేడిగాలి మీద తేలే థర్మల్ గ్లైడర్‌కి అది తెలివైన పనే. కానీ ఫాక్స్ థర్మల్ గ్లైడర్ కాదు. అసలు ఫాక్స్ 1993లో పోలండ్‌లో తొలిసారి ఎగిరింది, ఏరోబాటిక్స్ (గాల్లో పల్టీల విన్యాసాలు) కోసమే పుట్టిన రెండు సీట్ల గ్లైడర్. మనుషులు ఎక్కే గ్లైడర్లకి యూరప్‌లో సీఎస్-22 అనే నిబంధనావళి ఉంది. ఏరోబాటిక్ తరగతిలో కనీసం +7 జీ (లాగినప్పుడు), -5 జీ (నెట్టినప్పుడు) తట్టుకోవాలి, ఆపైన ఒకటిన్నర రెట్ల మార్జిన్ ఉండాలి. అంటే లాగుడుకి ఉన్న బలంలో ఇంచుమించు మూడొంతుల్లో రెండొంతులు నెట్టుడుకీ ఉండి తీరాలి. మన మోడల్ కిట్లకి అలాంటి నిబంధన ఏదీ వర్తించదు. నా కిట్ మాన్యువల్‌లో "పూర్తి ఏరోబాటిక్" అని పెద్ద అక్షరాలతో ఉంది. జీ పరిమితి అంకె మాత్రం ఒక్కటీ లేదు, పైకీ లేదు, కిందికీ లేదు.

జరిగింది ఇది. ఎండాకాలం సాయంత్రం, గాలి దాదాపు లేదు. పైనుంచి ముక్కు కిందికి నెట్టి ఔట్‌సైడ్ లూప్, అంటే గ్లైడర్ వీపు బయటివైపు ఉండే చక్రం, వేశాను. అడుగున బోర్లా ఉన్నప్పుడు వేగం సుమారు 125, వ్యాసార్ధం 25 మీటర్లు అనుకుంటే -6 జీ. చప్పుడేమీ రాలేదు, రెక్క ఊగలేదు, మామూలుగానే దిగింది. విప్పి గడ్డి మీద బోర్లా పెడితే మా క్లబ్‌లో ఉండే నెల్లూరు తమ్ముడు వంగి చూసి "అన్నా, ఇక్కడ ఏదో గీత ఉంది చూడు" అన్నాడు. ఎడమ రెక్క అడుగున, రూట్‌కి ఒక జానెడు అవతల, స్పార్ మీద అడ్డంగా వెంట్రుకంత మడత. ఎదురుగా చూస్తే కనిపించదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితేనే సన్నటి నీడలా తెలుస్తుంది. బొటనవేలితో నొక్కితే అర మిల్లీమీటర్ దిగి, వదిలితే టిక్కుమని పైకొచ్చింది. రెండు యూరోల నాణెంతో పుచ్చకాయని తట్టి చూసినట్టు వరసగా తట్టుకుంటూ పోయాను. రూట్ దగ్గర ఖంగుమంది, మడత దగ్గర డొల్లగా పలికింది, దాని అవతల మళ్లీ ఖంగుమంది.

ఇంటికొచ్చి రెక్క తోలు (పై పొర) కోసి తెరిచాను. స్పార్ పట్టీల మధ్య నిలబడే బాల్సా (తేలిక చెక్క) పలకని వెబ్ అంటారు, అది జాయినర్ పెట్టెకి ఆనుకుని ఉండాలి. అది మూడు సెంటీమీటర్ల ముందే ఆగిపోయింది. ఆ ఖాళీలో చిక్కటి రెసిన్ పోసి వదిలేశారు. దాన్నిండా బుడగలు, పైగా కింది పట్టీకి అది తగలనే లేదు. మధ్యలో గోరు దూరింది. పెట్టె చుట్టూ బిగించిన కెవ్లార్ దారం కూడా చివరి దాకా రాలేదు. వెబ్ అనేది రెండు పట్టీల్ని విడిగా, నిటారుగా పట్టి ఉంచాలి. అది లేని చోట పలచటి కింది పట్టీ నొక్కుడు పడగానే లోపలికి ముడుచుకుంది. లాగినప్పుడు ఇంతకాలం ఎలా ఆగిందంటే, దళసరి పై పట్టీకి తోలు కూడా ఆసరా ఇచ్చింది. కుడి రెక్కనీ తెరిచాను. అందులో వెబ్ పెట్టెకి అతుక్కుని శుభ్రంగా ఉంది. అంటే డిజైన్ తెలిసినవాళ్లే చేశారు, ఒక రెక్క మీద చెయ్యి తేలిపోయింది. నాకు కోపం అక్కడే. పెయింట్ వేసి మూసేశాక కొన్నవాడికి అది కనపడే దారి లేదు. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే "పరిమితి దాటి ఎగరేశారు" అని జవాబొచ్చింది. పరిమితి ఎంతో చెప్పమని అడిగాను. దానికి జవాబు రాలేదు.

బాగు చేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. గట్టి బాల్సాని నార నిలువుగా ఉండేలా కోసి, కాటన్ పొడి కలిపిన ఎపాక్సీ రెసిన్‌తో పెట్టెకీ రెండు పట్టీలకీ గట్టిగా ఆనించి అతికాను. పైన కెవ్లార్ దారం దగ్గర దగ్గరగా చుట్టాను. కింది పట్టీ మీద ఒక మిల్లీమీటర్ కార్బన్ పట్టీ, రెండు చివరలూ పలచబడేలా చెక్కి. ఆ పలచన ముఖ్యం, నిలువుగా కోసేస్తే తర్వాత విరగడం సరిగ్గా ఆ అంచు దగ్గరే మొదలవుతుంది. ఆఖరున 45 డిగ్రీల నేతలో గ్లాస్ క్లాత్. కుడి రెక్కకీ అదే కార్బన్ పట్టీ వేశాను. ఆ తర్వాత ఔట్‌సైడ్ లూపులు చాలానే వేశాను, నాణెం ఎక్కడ తట్టినా ఖంగుమంటోంది.

జాయినర్ మీద కూడా నా అభిప్రాయం కొంత మారింది. కిట్‌తో వచ్చిన కార్బన్ రాడ్ తేలిక అని అప్పట్లో మెచ్చుకున్నాను. తేలికే. కానీ కార్బన్ వంగి ఉండిపోదు, విరిగే దాకా ఏమీ చెప్పదు. స్టీల్ రాడ్ మోతాదు మించితే వంకర తిరుగుతుంది, విప్పగానే తెలిసిపోతుంది. 16 మిల్లీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల పొడవు స్టీల్ రాడ్ 630 గ్రాములు తూగుతుంది, కార్బన్‌ది అందులో అయిదో వంతు. టో మీద ఆ అర కిలో నాకు భారం కాదు, అందుకే స్టీల్ వేశాను. గాలి తక్కువగా వీచేటప్పుడు కొండ మీద తేలాలనుకునేవాళ్లకి ఇది నప్పకపోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, బరువు పెంచాలంటే రెక్కల్లో పెంచండి. ఫ్యూజ్‌లాజ్‌లో పెట్టిన సీసం ప్రతి గ్రామూ రూట్ మీద వంపుని పెంచుతుంది.

హైదరాబాద్‌లో ఇదే మోడల్ తెప్పించుకోవాలనుకుంటున్న తమ్ముడొకడు అడిగాడు, మన దగ్గర ఆగుతుందా అని. అక్కడ నా భయం ఎండ గురించి. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెడుతుంది. మే నెలలో మూసిన కారులో అంత వేడి సులువుగా వస్తుంది. పైగా ఆకాశంలో బాగా కనపడాలని రెక్క అడుగున ముదురు చారలు వేస్తారు, మైదానంలో రెక్కని బోర్లా పెడితే ఎండ వాటిమీదే పడుతుంది. నొక్కుడు పడ్డ కార్బన్ పోగుల్ని నిటారుగా పట్టి ఉంచేది రెసిన్ ఒక్కటే. అది మెత్తబడితే ముందు లొంగేది ఆ పలచటి కింది పట్టీయే. తెలుపు రంగు, గుడ్డ కవరు, నీడ ఉంటే సరే. లేకపోతే పొద్దున్నే ఎగరేసి ఎండ ముదరక ముందే సర్దేయమన్నాను.

ఇక కొనొచ్చా అంటే, లూపులు, రోల్స్, హామర్‌హెడ్ (నిటారుగా లేచి పక్కకి తిరిగి దిగడం), తిన్నగా బోర్లా ఎగరడం వరకైతే ఉన్నది ఉన్నట్టుగా కొనుక్కోవచ్చు. తిన్నగా బోర్లా పోతే పడేది -1 జీయే, దాన్ని ఈ రెక్క లెక్క చేయదు. ఔట్‌సైడ్ లూపులు వేయాలనుకుంటే పెయింట్ వేయని రెక్కలు అడగండి, దీపం వెలుగుకి ఎదురుగా పెట్టి వెబ్ ఎక్కడిదాకా ఉందో చూడండి, కనపడకపోతే నాణెంతో తట్టండి. నేనైతే మళ్లీ ఇదే కొంటాను, నాకు ఇంట్లో వర్క్‌షాప్ ఉంది, రెక్క కోసి తెరవడానికి వెనకాడను. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, తెరిచిన పెట్టెలోంచి తీసి నేరుగా ఎగరేయాలనుకునేవాళ్లకి ఇప్పటికైతే చెప్పలేను.