పల్లీపాల పెరుగు: పాలు మానేసిన రెండున్నరేళ్లకి

కాఫీ గురించి నన్ను అడగొద్దు. పాలు మానేసినవాళ్లు ముందుగా చెప్పేది కాఫీ గొడవే. ఓట్స్ పాలు బాగుంటాయా, సోయా పాలు విరిగిపోతాయా అని. నాకు ఆ గొడవ నెల రోజుల్లో తీరిపోయింది, ఉత్త డికాషన్‌కి అలవాటు పడిపోయాను. తీరనిది పెరుగన్నం. ఈ రెండున్నరేళ్లలో డబ్బా పాలు, ఇంట్లో పిండిన పాలు ఏవి వాడినా నేను చూసింది ఒక్కటే: తోడుకుంటాయా, తోడుకోవా?

పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర నాకు పడదు. పెరుగులో అది తగ్గుతుంది, చాలామందికి పెరుగు ఇబ్బంది పెట్టదు అని డాక్టరు గారు చెప్పారు. నిజమే, చిన్న గిన్నెడు తింటే నాకూ ఏమీ కాదు. కానీ మాది అనంతపురం వైపు. మధ్యాహ్నం గట్టి పెరుగు, సాయంత్రం రెండు గ్లాసుల మజ్జిగ, రాత్రి పెరుగన్నం, ఇలా పెరిగినదాన్ని. చిన్న గిన్నెడుతో చేయి కడుక్కోవడం నాకు చేతకాదు. ఆపకపోతే తెల్లవార్లూ కడుపుబ్బరం.

బాదం పాల డబ్బాతో మొదలుపెట్టాను, అంత ఖరీదు పెట్టి అమ్ముతున్నారంటే అంత మంచిదే అయ్యుంటుందని. తోడు పెట్టి పన్నెండు గంటలు ఉంచాను. పైన తెల్లటి తెట్టు, కింద పుల్లటి నీళ్లు. అప్పుడు తిప్పి చూశాను డబ్బా వెనక వైపు: వంద మిల్లీలీటర్లకు ప్రొటీన్ ఒక గ్రాము కూడా లేదు. ఆవు పాలల్లో మూడు గ్రాముల పైనే ఉంటుంది. పులుపు తగిలితే గడ్డ కట్టేది ఆ ప్రొటీనే. అది లేని చోట ఏం తోడుకుంటుంది? డబ్బా మీద పాలు అని కాకుండా డ్రింక్ అని ఎందుకు రాశారా అనుకునేదాన్ని. మన దేశంలో పాలు అన్న మాట పశువుల పాలకే వాడాలన్న నిబంధన ఉందట. నా పెరుగు గిన్నె చూశాక ఆ నిబంధన మీద గౌరవం పెరిగింది.

ఓట్స్ పాలతో పులిసిన గంజి వచ్చింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. సోయా మాత్రం తోడుకుంది, కాదనను. ప్రొటీన్ దాదాపు ఆవు పాలంత ఉంటుంది కాబట్టి గడ్డగానే వచ్చింది. కానీ ఆ పచ్చి చిక్కుడు వాసన! ఊరగాయ వేసుకున్నా, ఉల్లిపాయ నంజుకున్నా పోలేదు. గింజల్ని మరిగే నీళ్లలో వేసి ఉడికించి రుబ్బితే వాసన తగ్గుతుందంటే అదీ చేశాను. తగ్గింది, పోలేదు. పైగా ఆ పాలు కాచేటప్పుడు ఇంకా కాగకముందే నురగ పొంగి పొయ్యి మీద పడుతుంది. మరిగాయి కాబోలు అనుకుని దించేస్తే పచ్చివే తాగినట్టు. రెండుసార్లు పొయ్యి కడిగి సోయాకి సెలవిచ్చాను.

పల్లీల ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. వేరుశనగ పంట మధ్య పుట్టి, బాదం డబ్బాలకి డబ్బు తగలేశానంటే మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు. నేను చేసే పద్ధతి ఇది. ఒక గ్లాసు పచ్చి పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు రుద్ది తీసేసి, మూడు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి, పలుచని బట్టలో పిండాలి. నానబెట్టే ముందు గింజలు ఏరుకోవడం మాత్రం మానొద్దు. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా ఉండకూడదు. పల్లీ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కాస్తే పోయేది కాదు. పిండిన పాలు సన్నని సెగ మీద పది నిమిషాలు కాయాలి, గరిటె ఆపితే అడుగంటుతాయి. వేలు పెడితే వెచ్చగా తగిలేంతవరకు చల్లార్చి, తోడు వేయాలి.

తోడు ఎక్కడిది? ఆవు పెరుగు వద్దనుకున్నాను కదా, పచ్చిమిరపకాయల తొడిమలు వేశాను. కాయ కాదు, పైన ఆకుపచ్చ టోపీతో సహా తొడిమలు, ఓ ఎనిమిది. వాటిని అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయి. మొదటి గిన్నె పలుచగా, గొంతులో కాస్త ఘాటుగా ఉంది. దాంట్లోంచి ఒక చెంచా తీసి రెండో రోజు పాలల్లో వేశాను. తెల్లారి మూత తీస్తే గిన్నె వంచినా కదలలేదు. గరిటెతో తీస్తే గాటు గాటుగానే నిలబడింది. ఆ రోజు అన్నంలో కలుపుకుని, మాగాయ ముక్క వేసుకుని, నిలబడే తిన్నాను. మా అపార్ట్‌మెంట్‌లో కనబడిన ప్రతివాళ్లకీ ఫోన్‌లో ఫోటో చూపించి ఊదరగొట్టాను.

ఆ ఉత్సాహంలో చెప్పనివి ఇప్పుడు చెప్పాలి. ఆ తోడు నాలుగైదు సార్లకి మించి నిలవలేదు. నాలుగోసారికి పులుపుతో పాటు ఏదో చేదు, ఆరోసారికి జిగురు. ఒకసారి పైన లేత గులాబీ రంగు మరక కనిపించింది, గిన్నె గిన్నెంతా పారబోశాను. మళ్లీ తొడిమలు, మళ్లీ ఘాటు గిన్నె. మే నెలలో హైదరాబాద్ వేడికి నాలుగు గంటల్లో పుల్లబడిపోయేది. డిసెంబరులో టవల్ చుట్టి బియ్యం డబ్బాలో దాచినా తోడుకునేది కాదు. ఏడాది పాటు నా వంటగది ఒక ప్రసూతి వార్డులా నడిచింది. మా ఆయన రాత్రి మంచినీళ్లకి లేస్తే, కదిలించకండి అని లోపల్నుంచి అరిచేదాన్ని.

కిందటేడు సంక్రాంతికి అమ్మ వచ్చింది. రాత్రి నేను పల్లీపాలు కాచి మూత పెట్టి, చల్లారేలోపు కాస్త నడుం వాలుద్దామని పడుకుని నిద్రపోయాను. పిల్లలకి, ఆయనకి ప్యాకెట్ పాల పెరుగు వేరే గిన్నెలో ఉంటుంది. అమ్మకి ఈ రెండు గిన్నెల రాజకీయం తెలియదు. పొద్దున లేచి చూస్తే నా గిన్నె తోడుకుని ఉంది. జనవరి చలిలో! మీగడ కట్టినట్టు నున్నగా, ఘాటు లేకుండా, చుక్క నీరు వదలకుండా. తొడిమల కోసం వెతికితే లేవు.

"ఏమే, ఈ పాలేంటికి చెనక్కాయల వాసన వస్తాండాయి?" అంది అమ్మ. "ప్యాకెట్ పాలే అనుకొని పెద్దగిన్నెలో పెరుగు ఒక చెంచా తీసి తోడేస్తి."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఏడాది పాటు తొడిమలు తుంచానే! నాది జంతు ఉత్పత్తులు ముట్టని వ్రతం కాదు, లాక్టోజ్ పడకపోవడం అంతే. అర లీటరు పల్లీపాలల్లో ఒక చెంచా పెరుగు పడితే వచ్చే లాక్టోజ్ ఎంత? నాకు లెక్కలోకి రానంత. ఈ మాత్రం ఆలోచన నాకు రాలేదంటే, మానేశాను అన్న మాట మీద నాకు పట్టుదల ఎక్కువై, ఎందుకు మానేశానో మరిచిపోయానన్నమాట. ఆ రోజు నుంచి అమ్మ పద్ధతే. ప్రతిసారీ పిల్లల గిన్నెలోంచి తాజా చెంచా వేస్తాను కాబట్టి తోడు పాడయ్యే సమస్య లేదు, చలికాలమూ తోడుకుంటోంది. పూర్తిగా వీగన్ అయినవాళ్లకి, అంటే జంతు ఉత్పత్తులేవీ ముట్టనివాళ్లకి, ఈ దారి లేదు, వాళ్లకి తొడిమల్లాంటివే గతి. పాల ప్రొటీన్‌తోనే ఎలర్జీ ఉన్నవాళ్లు ఈ చెంచా జోలికి అసలు పోవద్దు, అది లాక్టోజ్ సంగతి కాదు. పల్లీ ఎలర్జీ ఉన్న ఇంట్లో అయితే గిన్నే పెట్టొద్దు.

ఇంత చేసినా ఇది పెరుగేనా అంటే, పెరుగన్నం వరకు ఔను. ఆవాలు, కరివేపాకు తిరగమోత పెడితే కొత్తవాళ్లు కనిపెట్టలేరు. మజ్జిగగా చిలికితే మాత్రం వెన్న రాదు సరికదా, అరగంటకే అడుగున తెల్లటి ముద్ద పేరుకుంటుంది. మజ్జిగ పులుసు ఒక్కసారే పెట్టాను, గిన్నె దించేసరికి పల్లీ చట్నీలా చిక్కబడింది. రెండో రోజుకి నూనె వాసన మొదలవుతుంది కాబట్టి నిలవ ఉంచలేం. ఇంకొకటి, మొన్న రక్త పరీక్షలో బి12 విటమిన్ తక్కువగా వచ్చింది. పాలు పెరుగుల్లో ఉండే బి12 పల్లీల్లో ఉండదు. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. ఫోటోలు చూపించిన రోజుల్లో ఈ సంగతి నాకే తెలియదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఖర్చు డబ్బా పాల కంటే చాలా తక్కువే, కానీ శ్రమ ఉంది. నాకు ఆఫీసు పదకొండింటికి, పొద్దున పొట్టు తీసుకునే తీరిక ఉంది. పిండగా మిగిలిన పిప్పిని ఉల్లిపాయలు, శనగపిండి కలిపి వడలేస్తే పిల్లలు తింటారు కాబట్టి పారబోసే బాధ లేదు. ఎనిమిదింటికి ఇల్లు వదిలేవాళ్లకి ఇది రోజూ చెయ్యమని చెప్పలేను. చిన్న గిన్నెడు పెరుగుతో ఆగగలిగితే అసలు ఇదంతా అక్కర్లేదేమో.

పోయిన వారం పావు వంతు నువ్వులు కలిపి చూశాను, చిక్కగా వస్తుందేమోనని. చేదెక్కింది. పొట్టు తీసిన నువ్వులతో ఇంకోసారి చూస్తాను.