లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగం: ఏళ్ల తరబడి వాడాక

పబ్లిక్ లైబ్రరీకి చాలామంది పుస్తకాల కోసం వెళ్తారు. నేను కొన్నేళ్లుగా వెళ్తున్నది మాత్రం స్థానిక చరిత్ర సేకరణల కోసం. సరుకు గొప్పదే కానీ, దాన్ని చేరే దారి అంత సులువు కాదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినవి పాత వీధి డైరెక్టరీలు. ఏ వీధిలో ఏ నంబరు ఇంట్లో ఎవరుండేవారు, ఏం పని చేసేవారు అన్నది వాటిలో ఉంటుంది. వరుస సంవత్సరాల సంపుటాలు పక్కపక్కన పెట్టుకుని ఒకే నంబరు చూస్తూ పోతే, కమ్మరి కొలిమి కాస్తా సైకిల్ షాపయి, ఆ తర్వాత మోటారు గ్యారేజీ అయింది. చిక్కేమిటంటే మధ్యలో ఇంటి నంబర్లు మారిపోతాయి, ఒక్కోసారి వీధి పేరే మారుతుంది. అలాంటప్పుడు అగ్నిప్రమాద బీమా మ్యాపులు ఆదుకుంటాయి. అమెరికాలో శాన్‌బోర్న్ కంపెనీ 1867 నుంచి వేసిన మ్యాపులు ఇలాంటివే: ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్క కట్టడానికి పసుపు. బీమా లెక్కల కోసం వేసిన కాగితం మీద ఊరు ఊరంతా ఇల్లిల్లూ దొరుకుతుంది!

డైరెక్టరీల్లో పెద్ద లోటు ఒకటుంది. ఎక్కువగా ఇంటి యజమాని పేరే ఉంటుంది. భర్త పోయిన ఆవిడయితే ఫలానావారి వితంతువు అని రాసి సరిపెడతారు. పనివాళ్ల ఊసు దాదాపు ఉండదు. వాళ్ల గొంతు వినాలంటే ఇంటర్వ్యూ టేపులే దిక్కు. అవేమో తేమకి జిగురెక్కి పాడవుతుంటాయి. వాటిని వినిపించే మెషీన్లు దొరకడమూ కష్టమే.

పాత పేపర్లు చాలావరకు మైక్రోఫిల్మ్ మీదే, అంటే పేజీల్ని బాగా చిన్నగా ఫొటో తీసిన ఫిల్మ్ రీళ్ల మీదే చూడాలి. కలపగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్ పసుపెక్కి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. ఫిల్మ్ మీద అక్షరాలు బాగానే కనిపిస్తాయి, ఫొటోలే నల్లటి మరకల్లా ఉంటాయి. పాత అసిటేట్ (ఒకరకం ప్లాస్టిక్) రీలు డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వచ్చిందనుకోండి, వెంటనే సిబ్బందికి చెప్పండి. ఫిల్మ్ కుళ్లుతోందని అర్థం, పక్క రీళ్లకూ అంటుకుంటుంది. స్కాన్ చేసిన పేపర్లలో పేరు కొట్టి వెతికితే సగం దొరకదు, అరిగిన అచ్చుని కంప్యూటర్ తప్పుగా చదువుతుంది. డైరెక్టరీలోనో రికార్డుల్లోనో తేదీ పట్టుకుని వెళ్లడం మేలు.

నాకు విసుగు పుట్టించేది కేటలాగే. ‘కుటుంబ పత్రాలు, మూడు పెట్టెలు’ అని ఒక్క లైను! లోపల పెళ్లి శుభలేఖ ఉందో, దుకాణం జమాఖర్చుల పుస్తకం ఉందో తెరిచేదాకా తెలీదు. అందుకే ఏం వెతుకుతున్నారో లైబ్రేరియన్‌కి వివరంగా చెప్పండి. కేటలాగ్‌కి ఎక్కనివి వాళ్లకి గుర్తుంటాయి. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలకి తరచూ ముందువైపే ఉంటుంది, స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన తేదీ ఉండేది వెనకవైపు. స్కాన్ అడిగేటప్పుడు రెండు వైపులా అడగండి.

పెన్ను వద్దు, పెన్సిలే. ఒకసారికి ఒక్క ఫోల్డరే, కాగితాల వరస చెడకూడదు. ఈ రూళ్లకి రెండు పూటల్లో అలవాటు పడిపోతాం.

ఒక పేరూ తేదీ చాలనుకునేవాళ్లకి ఆన్‌లైన్‌లో ఉన్నదే సరిపోవచ్చు. ఒక ఇంటి గురించో వీధి గురించో తవ్వాలంటే మాత్రం వెళ్లి కూర్చోవాల్సిందే. నా మార్కులు పదికి ఎనిమిది. ఇంకో మాట, ఫొటో లైబ్రరీలో ఉన్నంత మాత్రాన హక్కులూ లైబ్రరీవే అనుకోవద్దు. అచ్చు వేసే ఆలోచన ఉంటే అనుమతి సంగతి మొదటి రోజే అడిగి పెట్టుకోండి, జవాబుకి వారాలు పట్టొచ్చు.