బరువు తగ్గించే ఇంజెక్షన్: నెమ్మదించే కడుపు గురించి ముందే చెప్పి ఉండాల్సింది

సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌ను నేను ఏడాదికి పైగా వాడుతున్నాను. పెన్ను ఎలా పట్టుకోవాలో, డోసు ఎలా పెంచుతారో, మొదటి నెలల్లో వికారం ఎంత మామూలో అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను రాయదలచుకున్నది ఈ మందుకున్న ఒకే ఒక్క గుణం గురించి. ఇది కడుపును నెమ్మదింపజేస్తుంది, అంటే తిన్నది జీర్ణాశయం నుంచి పేగుల్లోకి దిగడానికి మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంది. బరువు తగ్గడానికి కొంత తోడ్పడే ఈ గుణమే ఆపరేషన్ బల్ల మీద ప్రాణం మీదకు తేగలదని, నాకు మందు రాసిచ్చిన క్లినిక్‌లో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

మందు చేసిన మేలును మాత్రం దాచను. మొదలుపెట్టే నాటికి నా రక్తంలో చక్కెర మధుమేహపు అంచున ఉంది. మోకాళ్లు మెట్లు ఎక్కనిచ్చేవి కావు. నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య వల్ల రాత్రిళ్లు మాస్కు పెట్టుకుని పడుకునేదాన్ని. డోసు 1 మిల్లీగ్రాముకు చేరేసరికి, ఏళ్ల తరబడి నన్ను వదలని తిండి ధ్యాస అణిగిపోయింది. పళ్లెంలో సగం మిగిలి ఉండగానే, ఎవరూ వద్దనకుండానే చేయి కడుక్కోవడం నా జీవితంలో అదే మొదలు. ఆ ప్రశాంతతను ఇప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే నేను తృప్తి అనుకున్న దానిలో కొంత భాగం, మధ్యాహ్నం తిన్నది రాత్రికి కూడా కదలకపోవడం వల్ల వచ్చిన బరువేనని తర్వాత తెలిసింది. పొద్దున లేవగానే కుళ్లు వాసనతో వచ్చే తేన్పులు ఆ సంగతిని ముందు నుంచీ చెబుతూనే ఉన్నాయి. క్లినిక్‌లో అడిగితే "కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది" అన్నారు. చాలామందికి నిజంగానే సర్దుకుంటుంది, వాడేకొద్దీ కడుపు మీద ఈ ప్రభావం కొంత తగ్గుతుంది. అయితే పూర్తిగా పోతుందన్న హామీ లేదు, డోసు పెంచిన ప్రతిసారీ మళ్లీ తిరగబెట్టవచ్చు.

బరువు వేగంగా తగ్గుతున్న కాలంలోనే, ఒక రాత్రి కుడివైపు పక్కటెముకల కింద మొదలైన నొప్పి వెన్నులోకీ కుడి భుజం వెనక్కీ పాకి, ఎటు తిరిగి పడుకున్నా నిలవనీయకుండా తెల్లవారే దాకా సాగింది. మా వదిన నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. క్లోమానికి వాపు వచ్చిందేమోనని రక్తపరీక్ష చేసి, రాలేదని తేల్చారు. ఈ రకం మందులతో అరుదుగానైనా వచ్చే పెద్ద ప్రమాదం అదే కాబట్టి, ఇవి వాడేవారికి కడుపు నొప్పి తీవ్రంగా, ఆగకుండా వస్తే ఇంట్లో మాత్రలు వేసుకుని ఓర్చుకోకూడదని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పారు.

రాళ్లు ఎందుకు వచ్చాయో కూడా ఆయనే వివరించారు. ఏ కారణం చేతనైనా బరువు త్వరత్వరగా తగ్గినప్పుడు, కరిగిన కొవ్వు నుంచి వచ్చే కొలెస్ట్రాల్ పైత్యరసంలో ఎక్కువగా చేరుతుంది. దానికి తోడు ఈ మందు పిత్తాశయం ముడుచుకోవడాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి, కదలని చెరువు నీటికి నాచు పట్టినట్టు, బయటికి పోకుండా నిలిచిన రసం చిక్కబడి రాళ్లు కడుతుంది. ఈ మందు మీద జరిపి 2021లో ప్రచురించిన స్టెప్ 1 అనే పరీక్షలో 1961 మంది పాల్గొన్నారు. అందులో పిత్తాశయ సమస్యలు మందు తీసుకున్న వారిలో 2.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో 1.2 శాతం మందికి వచ్చాయి. మొత్తం మీద ఆ శాతం చిన్నదే. ఆ కొద్దిమందిలో నేనూ ఉండడం నా అదృష్టం బాగోలేకపోవడమే తప్ప, దానికి మందును పెద్దగా తప్పుపట్టను.

నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగినదాని గురించి. నొప్పి తగ్గాక, పిత్తాశయాన్ని లాప్రోస్కోపీతో తీసేయడానికి ఒక తేదీ ఇచ్చారు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినవద్దన్నారు, తినలేదు. చేరేటప్పుడు నింపించిన కాగితంలో రక్తపోటు మాత్రలు, చక్కెర మాత్రలు, రక్తం పలచబరిచే మందులు, రోజూ వేసుకునే ఇతర మందులు అంటూ గళ్లు ఉన్నాయి. వారానికి ఒకసారి తీసుకునే ఇంజెక్షన్‌కు అందులో గడి లేదు, ఆ మాట నోటితో అడిగినవారూ లేరు. మందు రాసిన క్లినిక్ వేరు, ఆపరేషన్ చేసే ఆసుపత్రి వేరు. ఆపరేషన్ ఉందని నేను ముందే ఫోన్ చేసి చెప్పినప్పుడు కూడా క్లినిక్ వారు "ఏమీ ఫరవాలేదు, డోసు మానకండి" అన్నారు. అలా, డోసు తీసుకుని మూడు రోజులు కూడా కాకముందే నన్ను థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

మత్తు డాక్టరు నోరు తెరిపించి చూశారు, పళ్లు కదులుతున్నాయా అని అడిగారు. ఆ తర్వాత కాగితంలో లేని ప్రశ్న వేశారు: "బరువు తగ్గడానికో, షుగరుకో వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ ఏమైనా వాడుతున్నారా అమ్మా?" వాడుతున్నానని చెప్పగానే ఆమె చేతిలోని ఫైలు పక్కన పెట్టి, అల్ట్రాసౌండ్ యంత్రాన్ని తెప్పించారు. రొమ్ము ఎముక కింద చల్లటి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, తెరను నా వైపు తిప్పారు. ఖాళీ జీర్ణాశయం గోడలు దగ్గరకు ముడుచుకుని చిన్నగా కనిపిస్తుందట. నాది ఉబ్బి ఉంది, లోపల బూడిద రంగులో గరుకుగా ఏదో నిండి ఉంది. "ఇది మీరు నిన్న తిన్నదే" అన్నారామె. దాదాపు పద్నాలుగు గంటలుగా నేను నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

మత్తులో దగ్గు, మింగడం వంటి రక్షణలు పనిచేయవు. ఆ స్థితిలో కడుపులోనిది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. ఆపరేషన్‌కు ముందు పస్తు ఉంచేది అందుకే. ఆ రోజు నా ఆపరేషన్ ఆపేశారు. తర్వాతి తేదీకి ముందు ఒక డోసు మాన్పించి, ముందు రోజంతా ద్రవాహారమే ఇచ్చి, ఉదయాన్నే మళ్లీ స్కాన్ చేసి, కడుపు ఖాళీ అని చూసుకున్నాకే మత్తిచ్చారు. ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆ డాక్టరమ్మకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఇదేదో వైద్యులకు తెలియని రహస్యమైతే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. అమెరికాలోని మత్తు వైద్యుల సంఘం 2023 జూన్‌లోనే, ముందుగా తేదీ పెట్టుకున్న ఆపరేషన్లకు వారపు డోసును ఒక వారం ముందు నుంచి ఆపాలని సూచించింది. 2024లో మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి ఆ సూచనను సడలించి, అందరికీ ఆపనక్కర్లేదని, డోసు పెంచుతున్న దశలో ఉన్నవారు, వికారమూ వాంతులూ ఉన్నవారు వంటి ప్రమాదం ఎక్కువున్న వారికి ద్రవాహారం, స్కానింగ్, డోసు వాయిదా వంటివి మనిషిని బట్టి నిర్ణయించాలని చెప్పింది. అదే ఏడాది నవంబరులో మందు కరపత్రంలోకే ఈ హెచ్చరిక ఎక్కింది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ వంటి వాటికి మత్తిచ్చినా ఇదే జాగ్రత్త అవసరం. ప్రతి నెలా నా బరువు చూసి అభినందించిన క్లినిక్‌కు ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేవి కావు.

మిగిలిన భయాల గురించి క్లుప్తంగా. థైరాయిడ్ కణితుల హెచ్చరిక ఎలుకల్లో కనిపించిన ఫలితాల మీద పెట్టినది. మనుషుల్లో అది రుజువు కాకపోయినా, తమకు గానీ కుటుంబంలో ఎవరికైనా గానీ మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారు ఈ మందు వాడకూడదు. గర్భం కోరుకునేవారు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఇలాంటిదే మరో ఇంజెక్షన్ అయిన టిర్జెపటైడ్ వాడేవారు గర్భనిరోధక మాత్రల పని తగ్గవచ్చని తెలుసుకోవాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చూపు అకస్మాత్తుగా మసకబారితే వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నన్ను వీటన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది కండరం తగ్గడం. స్టెప్ 1లో కొందరికి చేసిన శరీర స్కాన్లలో, తగ్గిన బరువులో సుమారు 40 శాతం కొవ్వు కాని భాగమేనని తేలింది. బరువు తగ్గాక మోకాళ్ల నొప్పి పోయింది కానీ, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోయాను. మాంసకృత్తులు పెంచి, బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టాకే కాస్త పుంజుకున్నాను.

బరువు తగ్గించే పాత మందుల చేదు అనుభవాలతో దీన్ని ఒక గాట కట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో, సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో ఉపసంహరించారు. సెమాగ్లూటైడ్ విషయంలో, అప్పటికే గుండెజబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మంది మీద జరిపి 2023లో వెల్లడించిన సెలెక్ట్ పరీక్షలో గుండె సంబంధ మరణాలు, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే 20 శాతం తగ్గాయి. గుండెజబ్బు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆపరేషన్ వల్ల వచ్చిన విరామంలో ఆకలి నేను ఊహించనంత త్వరగా తిరిగి వచ్చింది, దానితో పాటు కొంత బరువు కూడా. మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని స్టెప్ 1 కొనసాగింపులోనూ తేలింది కాబట్టి, కొన్నాళ్లు వాడి మానేద్దామనుకునేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. చక్కెర, నిద్ర, మోకాళ్లు మూడూ నా మీద ఒకేసారి పడినందువల్ల నేను మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు నా పిత్తాశయమూ లేదు, ఆ రాళ్ల భయమూ లేదు, కాబట్టి నా లెక్క అందరికీ సరిపోదు. నాకున్న జబ్బులేవీ లేకుండా, నాలుగైదు కిలోల కోసం ఎవరైనా అడిగితే వాడమని చెప్పలేను.

ఈసారి వేరే డాక్టరు దగ్గర, తక్కువ డోసుతో మొదలుపెట్టి, నెలకు ఎంత తగ్గుతున్నానో చూసుకుంటూ నెమ్మదిగా పెంచుతున్నాం. 1 మిల్లీగ్రాము దగ్గర తేన్పులు మళ్లీ కనిపించడంతో అక్కడే ఆగాం. పై డోసుకు వెళ్లాలా వద్దా అన్నది తర్వాతి పరీక్షలు వచ్చాక ఇద్దరం కూర్చుని నిర్ణయించుకుంటాం.