పూలమడులకు సిమెంటు బ్లాకుల వంపు గోడ: ఏళ్ల వాడకం తరువాత

తిరుపతిలో కపిలతీర్థం వైపు మా పెరడు వాలుగా ఉంటుంది. వాన పడితే ఎర్రమట్టి వాకిలి దాకా కొట్టుకొచ్చేది. 2019లో అక్కడ పూలమడుల కోసం, మధ్యలో సిమెంటు పెట్టకుండా పేర్చిన బ్లాకులతో వంపు గోడ కట్టించాం. నేలపైన రెండడుగులు, మట్టిలో ఒక వరుస. ఇప్పటికీ ఒక్క బ్లాకు కదలలేదు.

వాడినవి మామూలు సాలిడ్ బ్లాకులే: 16 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు. ఒక్కొక్కటి 30 కిలోలు దాటుతుంది, ఇద్దరు మనుషులు కావాలి. మేకుకు ఆరడుగుల తాడు కట్టి తిప్పుతూ ముగ్గుపిండితో గీత గీశాం. అసలు పని అక్కడే మొదలవుతుంది. గోడ బయటికి ఉబ్బే చోట బ్లాకుల వెనక అంచులు తగులుకుంటాయి, ముందువైపు సందు విచ్చుకుంటుంది. ఆరడుగుల వంపులో నిండు బ్లాకులు పెడితే ఆ సందు సుమారు రెండంగుళాలు. సగానికి కోసినవి పెడితే అంగుళమే. అందుకే ఆ భాగమంతా అరబ్లాకులే వాడాం, వెనక మూలలు కటింగ్ మిషన్‌తో కొద్దిగా చెక్కించాం. లోపలికి వంగే చోట ఈ బెడద లేదు, సందులన్నీ మట్టివైపు దాక్కుంటాయి.

“సిమెంటు లేకపోతే ఎలా నిలుస్తుందమ్మా?” అని మేస్త్రీ సందులన్నీ పూడ్చేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇలాంటి గోడలను ఎక్కువగా పడగొట్టేది వెనక చిక్కుకుపోయిన నీరే. అది బయటికి రావాలి. అడుగున ఆరంగుళాల కంకర, క్రషర్ డస్ట్ కలిపి దిమ్మిస కొట్టించాం. మొదటి వరుసకు రసమట్టం పెట్టి ఒక్కో బ్లాకూ సరిచూశాం. దానికే ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా. పై వరుసలను ఒక్కొక్కటి ముప్పావు అంగుళం వెనక్కి జరిపి, కింది అతుకు మీద పై అతుకు పడకుండా పేర్చాం. గోడ వెనక అడుగు వెడల్పున 20 ఎం.ఎం. కంకర, దాని అడుగున రంధ్రాల పైపు, కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. ఖర్చు తగ్గించాలనుకుంటే పైవరుస అందాల్లో తగ్గించండి, ఈ మూడింటి జోలికి మాత్రం వెళ్లవద్దు.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లో మా గోడ సందుల నుంచి తేటనీరు ధారలు కట్టింది. మట్టి రాలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళా అంతే. ఆ రెండు వానలూ చూశాకే ఈ పద్ధతిని నలుగురికీ గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మొక్కల విషయంలో ఒక జాగ్రత్త. కొత్త సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగి క్షారం పెంచుతుంది. మల్లె, కనకాంబరం పట్టించుకోలేదు కానీ, గోడకు ఆనుకుని నాటిన నూరువరహాల ఆకులు ఈనెలు పచ్చగా ఉండగానే పసుపు తిరిగాయి. రెండడుగులు లోపలికి మార్చి, పశువుల ఎరువు వేశాక తేరుకుంది. తొలి ఏడాది బ్లాకుల మీద తెల్లటి పొర కట్టింది. అది బలహీనత కాదు, బ్రష్‌తో రుద్దితే పోయింది.

మూడడుగులు దాటే గోడకు మాత్రం ఈ పద్ధతి చాలదు. మట్టిలోకి జియోగ్రిడ్ (మట్టిని పట్టి ఉంచే గట్టి వల) వేయాలి, ఇంజనీరుకు చూపించాలి. గోడ మీద కారు బరువు పడే చోటైతే ఎత్తు తక్కువైనా అడగండి.

నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు తేళ్లూ జెర్రులూ. కొండ పక్కన కావడంతో ఆ సందుల్లో చేరుతున్నాయి. కలుపు తీసేటప్పుడు చేతికి తొడుగు లేకుండా పిల్లలను అటు వెళ్లనివ్వను.