స్క్వాట్ ఆగిపోయాక ఏ ప్రోగ్రామ్? చాలాకాలం వాడాక 5/3/1పై సమీక్ష

జిమ్‌కి వెళ్లిన ప్రతిసారీ బార్ మీద 2.5 కేజీలు పెంచుకుంటూ పోయే దశ అయిపోయాక ఏ ప్రోగ్రామ్ పట్టుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది అమెరికన్ కోచ్ జిమ్ వెండ్లర్ రాసిన 5/3/1. అదీ వారానికి మూడు రోజుల పద్ధతి, మెయిన్ సెట్ల తర్వాత 5×5, అంటే ఐదేసి రెప్స్‌తో ఐదు సెట్లు కలిపి. (రెప్ అంటే బరువును ఒకసారి ఎత్తి దించడం, సెట్ అంటే ఆగకుండా వరుసగా చేసే రెప్స్.) ఇదే దశకు వాడే టెక్సస్ మెథడ్, మ్యాడ్‌కౌ అనే ప్రోగ్రామ్‌లు కూడా వాడి చూశాకే ఈ మాట చెబుతున్నాను. దీనికీ లోపాలున్నాయి, అవీ రాస్తాను.

ముందు, మీ బరువులు నిజంగా ఆగాయో లేదో తేల్చుకోండి. స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 3×5లో, అంటే ఐదేసి రెప్స్ మూడు సెట్లలో, మూడో సెట్ నాలుగో రెప్ దగ్గర కూలిపోతున్నవాళ్లలో చాలామంది సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలే ఆగుతుంటారు. ఈ బరువుల దగ్గర నాలుగైదు నిమిషాలు కావాలి. ఇంకా స్క్వాట్‌కి ఒక్కోసారి 5 కేజీలు పెంచుతుంటే 2.5కి దిగండి. 10 శాతం తగ్గించి మళ్లీ ఎక్కండి. ఇలా రెండుసార్లు తగ్గించి ఎక్కినా అదే బరువు దగ్గర ఆగితే, నిద్ర, తిండి సరిగ్గానే ఉంటే, అప్పుడే ప్రోగ్రామ్ మార్చాలి. తిండి అంటే ముఖ్యంగా ప్రొటీన్. ఒంటి బరువు కేజీకి కనీసం 1.6 గ్రాములు, అంటే 75 కేజీల మనిషికి రోజుకు 120 గ్రాములు. చిన్న కప్పు ఉడికిన పప్పులో తొమ్మిది గ్రాములకు అటూఇటూగా, ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. అన్నం, పప్పు, పెరుగుతోనే నడిపేవాళ్లు ఒకసారి లెక్క వేసుకుంటే, బరువులు ఆగడానికి కారణం అక్కడే దొరకొచ్చు.

నిజంగానే ఆగితే కారణం ఇది. 60 కేజీలతో స్క్వాట్ చేసినప్పుడు ఒళ్లు రెండు రోజుల్లో కోలుకుని, ఇంకాస్త బలపడి వస్తుంది. 100 దాటాక ఆ పనికి వారమో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అందుకే ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది బరువు ఎన్నాళ్లకోసారి పెంచమంటోంది అన్నది. ఏ వ్యాయామాలున్నాయన్నది ఆ తర్వాత.

టెక్సస్ మెథడ్ వారానికోసారి పెంచమంటుంది. శుక్రవారం 105తో ఐదు రెప్స్ లక్ష్యమైతే సోమవారం దానిలో 90 శాతంతో, అంటే 95తో 5×5, బుధవారం 75తో తేలిగ్గా 2×5. పద్ధతి తిరుగులేనిదే, కానీ ఆ సోమవారం మామూలుది కాదు. వార్మప్‌తో కలిపి స్క్వాట్ ఒక్కటే ముప్పావుగంట పడుతుంది, ఆ తర్వాత బెంచ్ (బల్ల మీద పడుకుని బార్ పైకి నెట్టడం) కూడా 5×5 ఉంటుంది. ఇరవయ్యేళ్ల వయసు, కడుపునిండా తిండి, ఎనిమిది గంటల నిద్ర ఉన్నవాళ్లకు కొన్ని నెలలు అద్భుతంగా పనిచేస్తుంది. నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు, పసిపిల్లలున్న ఇళ్లవాళ్లకు వద్దంటాను. ఒక్క సోమవారం చెడితే వారమంతా చెడుతుంది. మ్యాడ్‌కౌ కూడా వారం లెక్కే, కాకపోతే సెట్‌కీ సెట్‌కీ బరువు పెంచుకుంటూ ఒకే పెద్ద సెట్‌కి చేరుకుంటుంది కాబట్టి కొంచెం తేలిక. బిగినర్ ప్రోగ్రామ్ నుంచి దానికి మారడం సుళువు, కానీ త్వరగానే ఆగిపోతుంది.

2009లో బయటికొచ్చిన 5/3/1 మూడు వారాలకోసారి పెంచమంటుంది. నత్తనడకలా కనిపించే ఆ వేగమే దీని బలం.

లెక్కంతా ట్రైనింగ్ మ్యాక్స్ మీద నడుస్తుంది. ఒక్కసారి లేపగలిగే అసలు బరువులో 85 నుంచి 90 శాతం తీసుకుంటారు. నా సలహా 85. మీరు 100 కేజీలతో ఐదు రెప్స్ చేయగలిగితే, బరువును రెప్స్‌తో గుణించి, 30తో భాగించి, వచ్చినదాన్ని బరువుకు కలపండి: 116 పైచిలుకు వస్తుంది. దానిలో 85 శాతం, దాదాపు 100. మొదటి వారం 65, 75, 85 కేజీలతో ఐదేసి రెప్స్; రెండో వారం 70, 80, 90తో మూడేసి; మూడో వారం 75తో ఐదు, 85తో మూడు, 95తో ఒకటి. ప్రతిరోజూ చివరి సెట్‌లో చెప్పిన రెప్స్ కనీసం మాత్రమే, ఆపైన ఎన్ని మంచివి వస్తే అన్ని చేయాలి. ఈ మూడు వారాలు ఒక చక్రం. అది అయ్యాక స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ ఎత్తి నిలబడటం)ల ట్రైనింగ్ మ్యాక్స్‌కి 5 కేజీలు, బెంచ్, ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి బార్ తలపైకి నెట్టడం)లకు 2.5 కేజీలు కలిపి మళ్లీ మొదలు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. నిన్నటిదాకా 100తో మూడు సెట్లు చేసినవాళ్లకు ఇవాళ 85 అంటే మనసొప్పదు. మ్యాక్స్‌ని 115 అని రాసేసుకుంటారు. రెండో చక్రంలోనే చివరి సెట్ ఒకటి రెండు రెప్స్‌కి పడిపోతుంది, అక్కడితో ప్రోగ్రామ్ పనిచేయదని వదిలేస్తారు. సరిగ్గా పెట్టుకుంటే మొదటి వారం 85తో తొమ్మిదో పదో, మూడో వారం 95తో ఐదారు రావాలి. ఆరు వారాలకు రెండు చక్రాలు పూర్తవుతాయి. ఏడో వారం ట్రైనింగ్ మ్యాక్స్ బరువునే బార్ మీద వేసి చూడండి. ఐదు శుభ్రమైన రెప్స్ రాకపోతే ఆ అంకె ఎక్కువైనట్టే.

చివరి సెట్‌ని ప్రాణాలమీదికి తెచ్చుకోవద్దు. ఇంకొక్క రెప్ మిగిలుందనగానే బార్ పెట్టేయండి. స్క్వాట్‌లో లోతు తగ్గుతూ వచ్చిన రెప్, డెడ్‌లిఫ్ట్‌లో ప్లేట్లు నేలకు కొట్టి ఎగరేసిన రెప్ నోట్‌బుక్‌లోకి ఎక్కకూడదు. ముందుకెళ్తున్నారో లేదో పైన రెప్స్‌తో గుణించి 30తో భాగించిన సూత్రమే చెబుతుంది. 90తో ఎనిమిది చేసినా 95తో ఆరు చేసినా లెక్క 114కే వస్తుంది, 95తో ఏడు చేస్తే 117. పది రెప్స్ దాటితే ఈ సూత్రం లెక్క సరిగ్గా రాదు, నమ్మొద్దు.

అసలు 5/3/1లో ఆ మూడు సెట్ల మీదే దృష్టంతా ఉంటుంది. ఇదే దాని పెద్ద లోపం. అప్పుడే బిగినర్ దశ దాటినవాళ్లకు, ముఖ్యంగా బెంచ్‌కి, ఆ పని చాలదు. అందుకే మెయిన్ సెట్లయ్యాక ఆ రోజు మొదటి సెట్ బరువుకే దిగి 5×5 కలపమంటున్నాను. పై ఉదాహరణలో మొదటి వారం 65తో, రెండో వారం 70తో, మూడో వారం 75తో. సోమవారం స్క్వాట్, బెంచ్. బుధవారం డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్. శుక్రవారం మళ్లీ బెంచ్, స్క్వాట్. ఆ తర్వాత డిప్స్ లేదా పుషప్స్, రోయింగ్ లేదా పుల్‌డౌన్, లంజెస్ లేదా హ్యాంగింగ్ లెగ్ రైజ్ ఒక్కోటి మొత్తం 50 రెప్స్. గంటన్నరలో అయిపోతుంది. 5/3/1లోనే 5×10 చేయించే ‘బోరింగ్ బట్ బిగ్’ అనే రకం కండకు మంచిదే, కానీ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ రెండింటికీ పెట్టుకుంటే కాళ్లు కోలుకోవు. మొదటి ఆరు నెలలు అటు వెళ్లొద్దు.

మన జిమ్‌లలో వచ్చే అసలు ఇబ్బంది ప్లేట్లు. చాలాచోట్ల అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కేజీలదే, అంటే బార్ మీద 5 కేజీల మెట్టు. స్క్వాట్‌కి ఎలాగో సర్దుకోవచ్చు. ఓవర్‌హెడ్ ప్రెస్ ట్రైనింగ్ మ్యాక్స్ 45 అయితే మొదటి వారం లెక్క 29, 34, 38 వస్తుంది. మీరు 30, 35, 40 వేస్తారు. వచ్చే చక్రంలో మ్యాక్స్ 47.5 అయినా అవే 30, 35, 40. పెంచామనుకుంటాం, బార్ మీద మాత్రం ఏమీ మారదు. 1.25 కేజీల జత ఒకటి కొని బ్యాగులో వేసుకోండి, ఈ ప్రోగ్రామ్‌కి ఇంతకంటే ముఖ్యమైన ఖర్చు లేదు. బార్‌ని కూడా ఒకసారి తూకం వేయండి. అందరూ 20 అనుకునేది 15 కూడా కావచ్చు. ఏదైనా ఫరవాలేదు, రోజూ అదే బార్ వాడితే చాలు.

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని జిమ్‌లో చేసేవాళ్లు మెయిన్ సెట్లను ముట్టుకోకుండా 5×5ని 3×5 చేసుకోండి. బరువు తగ్గించడం కంటే అది మేలు.

కాగితం మీద ఈ లెక్కన స్క్వాట్ మ్యాక్స్ ఏడాదికి 70 కేజీలు పెరగాలి. అలా ఎవరికీ పెరగదు. ఏడో వారం పరీక్షలో తప్పినప్పుడు మూడు చక్రాలు వెనక్కి, అంటే స్క్వాట్‌కి 15 కేజీలు తగ్గించి మళ్లీ ఎక్కండి. నాలుగు లిఫ్టులూ ఒకేసారి ఆగవు, ఆగినదాన్నే తగ్గించండి. సాధారణంగా ముందు ఆగేది ఓవర్‌హెడ్ ప్రెస్.

రెండో లోపం, భారీ బరువు అలవాటు కాకపోవడం. చివరి సెట్లన్నీ ఐదు నుంచి పది రెప్స్ మధ్య నడుస్తాయి కాబట్టి, ఒక్క రెప్‌కి గరిష్ఠంగా లేపాల్సి వచ్చినప్పుడు బరువు కొత్తగా అనిపిస్తుంది. మూడో వారం చివరి సెట్‌కి ముందు ట్రైనింగ్ మ్యాక్స్ బరువుతో ఒక్క రెప్ చేస్తే ఇది కొంత తీరుతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీకి దిగేవాళ్లకు అది చాలదు. పోటీకి పది వారాల ముందు దీన్ని ఆపి, ఒకటి నుంచి మూడు రెప్స్ మధ్య పనిచేయించే ప్రోగ్రామ్‌కి మారి, పోటీ అయ్యాక 85 శాతంతో మళ్లీ ఇక్కడే మొదలుపెట్టొచ్చు.