వేలూరు బాగాయం మెంటల్ హెల్త్ సెంటర్: తమ్ముడి పక్కన మూడు వారాలు

మాది చిత్తూరు దగ్గర పల్లె. ఇది వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ల బాగాయం సెంటర్ గురించి. పిచ్చాసుపత్రి అనే మాటకి భయపడి ఇంట్లోనే ఆగిపోయిన వాళ్లు చదవాలని రాస్తున్నాను, మేమూ రెండేళ్లు అలాగే ఆగిపోయాం.

తమ్ముడికి గొంతులు వినిపించేవి. ఎప్పుడో పొలం గట్టు తగాదాలో కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేశాడు, అది అబద్ధపు ప్రమాణమని, అందుకే ఈ శిక్షని రాత్రంతా చెప్పేవట. అమ్మా అదే నమ్మింది. మొదట చూపించిన డాక్టరు ఈ మాట ఎత్తగానే "అవన్నీ ఇక్కడ చెప్పకండి" అని మాత్రలు రాసి పంపేశాడు. అమ్మ ఆ మాత్రలు మాన్పించి, దయ్యం వదిలిస్తామనే ఒక చోటికి తీసుకుపోయింది. అక్కడ ఇద్దరి కాళ్లకి గొలుసులు చూశాను. తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన ఇలాంటి చోటే 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు, అది గుర్తొచ్చి ఆ సాయంత్రమే వాణ్ని బయటికి తెచ్చేశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక రోగికి గొలుసు వేయడం నిషేధం, ఎక్కడైనా కనిపిస్తే ఊరుకోకండి.

బాగాయంలో డాక్టరమ్మ మొదటిరోజే అమ్మని అడిగింది, "ఈ జబ్బు ఎందుకొచ్చిందని మీరనుకుంటున్నారమ్మా?" అని. అమ్మ ప్రమాణం కథంతా చెప్పింది, ఆమె మధ్యలో ఆపకుండా రాసుకుంది. తర్వాత ఇది స్కిజోఫ్రీనియా అని, మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుందని, చేతులు వణకొచ్చని ముందే చెప్పింది. వణికాయి, డోసు మార్చారు. 1957లో మొదలైన సెంటర్ ఇది, ఇంటివాళ్లు రోగితోపాటే ఉండడం ఇక్కడి పాత పద్ధతి. అందుకే అమ్మకి కూడా జబ్బంటే ఏమిటో అర్థమైంది.

మూడో వారానికి గొంతులు తగ్గాయి గానీ వాడి ఏడుపు తగ్గలేదు. అప్పుడు ఆసుపత్రి చాప్లిన్, అంటే రోగుల దగ్గర కూర్చుని వాళ్ల బాధ వినే పాస్టరు, వచ్చారు, మేం అయ్యగారు అనేవాళ్లం. మతం మార్చేస్తారేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నారు, అమ్మ విభూతి పెట్టి దండం పెట్టుకుంటుంటే తలవంచుకుని నిశ్శబ్దంగా ఉన్నారు. నాలుగు రోజులు వాడి మాటలు విన్నాక తెలిసింది, గొంతులు జబ్బే, కానీ ఆ అబద్ధం నిజమే! గట్టు మూడడుగులు జరిపిందీ, కాదని ప్రమాణం చేసిందీ మావాడే. అయ్యగారు దేవుడి శిక్ష అనలేదు, అదేం పెద్ద విషయం కాదనీ అనలేదు. "అవతలివాళ్లతో మాట్లాడాలని ఉందా?" అని అడిగారు, తమ్ముడు సరేనంటేనే డాక్టరమ్మకి చెప్పారు. ఆమె, ఇంకా కుదురుకోవాలి, ఇంటికెళ్లాక రెండు నెలలు ఆగి చేయండి అంది. ఇద్దరూ ఒకే మాట మీద ఉండడం మాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

రెండు నెలలు ఆగాం. గట్టు వెనక్కి జరిపాం, అవతలి పెద్దాయన వాడికి కాఫీ ఇప్పించాడు. మాత్రలు మాత్రం ఆపలేదు, అయ్యగారు వెళ్లేముందు గట్టిగా చెప్పింది కూడా అదే.

వెళ్లేవాళ్లు పాత చీటీలన్నీ తీసుకెళ్లండి. మొక్కులు, తాయెత్తులు, ప్రమాణాలు, ఏదీ దాచకుండా చెప్పండి. పక్కన ఉండడానికి మారు మనిషి కూడా ఉండేలా చూసుకోండి, ఒక్కరివల్ల కాదు. దారి తోచకపోతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.