సున్నాకి సున్నా కలిపితే 33,450: నక్కలగుట్ట ట్యాక్స్ సార్ దగ్గర నా అనుభవం

ముందే చెప్తున్నా, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసి పెట్టే ఈ సార్ షాపు పేరు రాయట్లేదు. రివ్యూ పెడతానంటే సారే వద్దన్నారు, "జూలైల ఉన్నోళ్లకే చేసి పెట్టలేకపోతున్న బిడ్డా, మళ్ల కొత్తోళ్లా" అని. హన్మకొండ నక్కలగుట్ట వైపు ఒక జిరాక్స్ సెంటర్ పక్క మెట్లెక్కితే చిన్న గది, ఒక పాత కంప్యూటరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అంతే ఆఫీసు. ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

నా సంగతి ఇదీ. 2024 సెప్టెంబర్ దాకా ఇక్కడే ఒక కంపెనీలో నెలకి 60 వేలు. అక్టోబర్ నుంచి హైదరాబాద్ కంపెనీ, 85 వేలు, వారానికి రెండు రోజులు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కడం, మిగతా రోజులు ఇంటి నుంచే పని. పాత చోటా ట్యాక్స్ పట్టలేదు, కొత్త చోటా పట్టలేదు, జీతం జీతంలాగే అకౌంట్లో పడుతుంటే అబ్బ ఎంత మంచి కంపెనీ దొరికింది అని మా అమ్మతో కూడా చెప్పుకున్నా.

2025 జూన్ ఆఖర్లో రిటర్ను వేద్దామని ముందు చౌరస్తా దగ్గర వేరే అతని దగ్గరికి పోయా. వివరాలు కొట్టి చూసి, 30 వేలు కట్టాల్సి వస్తుంది మేడమ్, కానీ రెండు వేలిస్తే సున్నా చేసి పెడతా అన్నాడు. ఎట్లా అంటే ఇట్లాంటి మినహాయింపులుండే పాత ట్యాక్స్ పద్ధతిలోకి మార్చి, ఇంటద్దె కడుతున్నట్టు, ఏదో పార్టీకి విరాళం ఇచ్చినట్టు చూపిస్తాడట. నేనుండేది మా నాన్న కట్టిన సొంతింట్లో, నేను పార్టీకి విరాళమిచ్చానంటే మా నాన్నే నమ్మడు. అసలు 30 వేలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో మాత్రం అతను చెప్పలేకపోయాడు, కంప్యూటర్ చూపిస్తుంది మేడమ్ అంటాడు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జూలై మొదట్లో మా బాబాయి ఈ సార్ దగ్గరికి పంపాడు.

ఈయన కంప్యూటర్ ముట్టుకోనే లేదు. పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనక పక్క మధ్యలో గీత గీసి, రెండు కంపెనీల ఫారం 16లు (ఇచ్చిన జీతం, పట్టిన ట్యాక్స్ రాసి కంపెనీ ఇచ్చే కాగితం) అటొకటి ఇటొకటి పెట్టుకున్నారు. పాత కంపెనీ నేను ఏడాదంతా ఉంటాననుకుంది: 60 వేల చొప్పున 7.20 లక్షలు, జీతగాళ్లందరికీ తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 6.45 లక్షలు. కొత్త పద్ధతిలో ఆ ఏడాదికి 7 లక్షల దాకా రిబేటు, అంటే ట్యాక్స్ మాఫీ, ఉంది కాబట్టి ట్యాక్స్ సున్నా. కొత్త కంపెనీకి నేను అక్టోబర్‌లోనే పుట్టినట్టు లెక్క: ఆరు నెలలకి 5.10 లక్షలు, అందులోనూ ఇంకో 75 వేలు తీసేసి 4.35 లక్షలు, అక్కడా సున్నా. ఎవరి లెక్కలో వాళ్లది తప్పు లేదు! కానీ నా అసలు ఆదాయం 8.70 లక్షలు, 75 వేలు ఒక్కసారే తీసుకోవాలి, మిగిలింది 7.95 లక్షలు. 7 లక్షలు దాటింది కాబట్టి రిబేటు మొత్తం పోయింది. మూడు నుంచి ఏడు లక్షల మధ్య 5 శాతం చొప్పున 20 వేలు, ఆ పైన 95 వేల మీద 10 శాతం 9,500, ఆ ట్యాక్స్ మీద 4 శాతం సెస్సు 1,180. మొత్తం 30,680.

"ఇద్దరూ ఎవరికి వాళ్లు నీకు మినహాయింపు ఇచ్చిండ్రు. ఒకరి సంగతి ఒకరికి ఎట్ల తెలుస్తది? చెప్పాల్సింది నువ్వు కద బిడ్డా" అన్నారు. చెప్పే కాగితం పేరు అప్పుడు ఫారం 12బి. పాత కంపెనీలో వచ్చిన జీతం, పట్టిన ట్యాక్స్ అందులో రాసి కొత్త కంపెనీకి ఇస్తే వాళ్లు రెండూ కలిపి మిగిలిన నెలల్లో సర్దుకుంటూ పడతారు. నాకప్పుడు జాయినింగ్ రోజు వచ్చిన మెయిల్ గుర్తొచ్చింది. పద్దెనిమిది లింకులు, అందులో ఇదీ ఒకటి, తర్వాత చూద్దాంలే అని వదిలేశా. హెచ్‌ఆర్ వాళ్లు కూడా మళ్లీ ఒక్కసారి గుర్తు చేయలేదు అనుకోండి, కానీ సార్ దగ్గర ఆ మాట అనే ధైర్యం చేయలేదు.

నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం వడ్డీ దగ్గర. ఆ ఏడాది రిటర్ను గడువు జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి పెంచారు కదా, బోనస్ వచ్చాక కడతా సార్ అన్నా. "గడువు పెంచింది కాగితం వెయ్యనీకి, వడ్డీకి కాదు" అన్నారు. 10 వేలు గానీ అంతకి మించి గానీ ట్యాక్స్ బాకీ ఉండే వాళ్లు మార్చి లోపే వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలట, కట్టకపోతే ఏప్రిల్ నుంచి కట్టే నెల దాకా నెలకి ఒక శాతం వడ్డీ, వాయిదాలు తప్పినందుకు ఇంకో వడ్డీ. జూలైలో కడితే నాకు మొదటిది 1,224, రెండోది 1,548. ఆగిన ప్రతి నెలకీ ఇంకో 306. అక్కడే కూర్చుని కట్టేశా, మొత్తం 33,450. చలానాలో అసెస్‌మెంట్ ఇయర్ (సంపాదించిన దాని తర్వాతి ఏడాది) 2025-26 అని నేను కళ్లతో చూసి చదివేదాకా బటన్ నొక్కనివ్వలేదు, 2024-25లో సంపాదించాం కదా అని చాలామంది అదే పెట్టేస్తారట, ఆ పైసలు వేరే ఏడాది లెక్కలో పడి కూర్చుంటాయి.

నెల తర్వాత మా తమ్ముణ్ని కూడా తీసుకెళ్లా. వాడిది ఉల్టా కేసు. నెలకి లక్షా పాతిక వేలు, కంపెనీ ఏడాదికి 15 లక్షలని లెక్కేసి తొమ్మిది నెలల్లో 97,500 పట్టేసింది. వీడు గ్రూప్స్‌కి చదువుతానని డిసెంబర్‌లో మానేశాడు, ఆఖరి సెటిల్‌మెంట్‌లో వాళ్లు మళ్లీ లెక్క కట్టలేదు. వచ్చింది 11.25 లక్షలే కాబట్టి నిజానికి పడాల్సింది 59,800, అంటే 37,700 వెనక్కి రావాలి. సార్ అడిగిన మొదటి మాట, రిఫండ్ ఏ అకౌంట్లో పడాలి అని. చూస్తే పోర్టల్‌లో ఉన్నది వీడు మూసేసిన పాత శాలరీ అకౌంట్! అట్లాగే పంపిస్తే రిఫండ్ తిరిగి వెళ్లిపోయేది. కొత్త అకౌంట్ వ్యాలిడేట్ చేయించి, రిటర్ను వేసి, ఈ-వెరిఫై (రిటర్ను మనదే అని ఆన్‌లైన్‌లో ఖరారు చేయడం) కూడా ముందే కూర్చోబెట్టి చేయించారు, 30 రోజుల్లో అది చేయకపోతే వేసిన తేదీ లెక్కలోకి రాదట. మనం బాకీ పడితే నెలకి ఒక శాతం వడ్డీ, వాళ్లు మనకి బాకీ పడితే అర శాతం, ఈ న్యాయమేంటో సార్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు ఉద్యోగం మారుతున్న వాళ్లు ఒకటి చూసుకోండి. 2025-26 నుంచి రిబేటు 12 లక్షల దాకా పెరిగింది కాబట్టి మనకేం ఉండదులే అనుకోవద్దు, రెండు కంపెనీలూ విడివిడిగా 12 లోపే చూసి సున్నా పట్టి, కలిపితే దాటిందంటే నా కథే, ఇంకా పెద్ద అంకెలతో.

ఫీజు నాకు 700, తమ్ముడికి కూడా అంతే, రిఫండ్‌లో వాటా అడగలేదు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే ఫోన్ ఎత్తరు, టోకెన్ లేదు, నేను రెండున్నర గంటలు కూర్చున్నా, పైగా మధ్యలో తెలిసినోళ్లు వస్తే వరస తప్పిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత పోతే కొంచెం నయం. పోయేవాళ్లు ఆధార్‌కి లింకైన ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుని పోండి, ఓటీపీ వచ్చే టైముకి నాది ఆగిపోయి కింద జిరాక్స్ సెంటర్‌లో చార్జర్ బతిమాలుకుని తెచ్చుకునేసరికి నా కుర్చీలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు.